పసుపు బీవో మోటారు: బ్యాక్ ఈఎంఎఫ్ నేర్చుకోవడానికి పనికొస్తుందా?

నేల మీద గీతను పట్టుకుని నడిచే లైన్ ఫాలోవర్ బండిని తిరగేసి చూస్తే కింద ఉండేది ఇదే. పసుపు ప్లాస్టిక్ గేర్ డబ్బా, దాని వెనక బొటనవేలంత లోహపు మోటారు, రెండూ విడిపోకుండా పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. మన దుకాణాల్లో దీన్ని బీవో మోటారు అంటారు, అంటే బ్యాటరీ ఆపరేటెడ్ అని. బయటి దేశాల్లో టీటీ మోటారు అని అమ్ముతారు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఒక్కోటి వంద రూపాయల లోపే వస్తుంది. బండి నడపడానికి ఇది ఎలా ఉంటుందని చెప్పే రివ్యూలు బోలెడు. ఇక్కడ చూస్తున్నది వేరే పని: పదో తరగతిలో, ఇంటర్‌లో, బీటెక్ మొదటి ఏడాదిలో చదివిన విద్యుదయస్కాంత ప్రేరణ, వ్యతిరేక విద్యుచ్చాలక బలం (బ్యాక్ ఈఎంఎఫ్) అనే రెండు పాఠాలను చేతికి, మీటరుకు తెలిసేలా చూపించగలదా అని.

చూపించగలదు, అదీ బాగా. అయితే దీనితో పాటు అంటగట్టే డ్రైవర్ బోర్డులు (మోటారుకు కరెంటు ఇచ్చి నడిపే చిప్ బోర్డులు), 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఆ పాఠాన్ని చెడగొడతాయి. వాటి సంగతి కూడా కింద ఉంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. పట్టీ తీసి మోటారును వెనక్కి లాగితే విడిగా వస్తుంది. బొమ్మ కార్లలో ఉండే 130 సైజు డీసీ మోటారే ఇది. లోహపు డబ్బా లోపలి గోడకు రెండు వంపు అయస్కాంతాలు, మధ్యలో తిరిగే మూడు పళ్ల ఆర్మేచర్, ప్రతి పంటికి ఒక తీగ చుట్ట, ఒక కొసన చుట్టలకు కరెంటు అందించే మూడు ముక్కల కమ్యుటేటర్, దాన్ని తాకుతూ రెండు లోహపు రేకు బ్రష్‌లు. మూడు చుట్టలూ త్రికోణంలా కలిసి ఉంటాయి. అందుకే మల్టీమీటర్‌తో నిరోధం కొలిస్తే చక్రం నిలిచిన చోటును బట్టి అంకె మారిపోతుంది. ఒక్కో బ్రష్ ఒక్కో ముక్క మీదే ఉంటే, ఒక చుట్టకు సమాంతరంగా మిగతా రెండు చుట్టల వరస కనిపిస్తుంది. అంటే ఒక చుట్ట నిరోధంలో మూడింట రెండు వంతులు. ఒక బ్రష్ రెండు ముక్కల సందు మీద కూర్చుంటే ఒక చుట్ట షార్ట్ అయిపోయి, మిగతా రెండూ సమాంతరం అవుతాయి, అప్పుడు సగమే. మీటరు ఊగుతోందని మీటరును తిట్టుకోవద్దు, మోటారు కట్టుబడే అంత.

అమ్మేవాళ్లు రాసే అంకెల మీద ఒక ఫిర్యాదు ఉంది. 60, 100, 150, 200, 300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని రాస్తారు, ఏ వోల్టేజ్ దగ్గరో రాయరు. డీసీ మోటారు వేగం వోల్టేజ్‌ను బట్టే ఉంటుంది కాబట్టి వోల్టేజ్ చెప్పని ఆర్‌పీఎంకు అర్థం లేదు. అడగాల్సింది గేర్ నిష్పత్తి. బాగా దొరికేది 1:48. చక్రం ఒకసారి తిరగాలంటే మోటారు 48 సార్లు తిరగాలి. నిటారు షాఫ్ట్ రకమైనా ఎల్ ఆకారపు రకమైనా ప్రయోగాలకు తేడా లేదు. రెండు వైపులా షాఫ్ట్ ఉన్నదైతే ఒకవైపు చక్రం, రెండోవైపు చేత్తో పట్టుకోవడానికి వీలుంటుంది, అది తీసుకోండి. ఎక్కువ ఆర్‌పీఎం రాసినది కొంటే మంచిదన్న భ్రమ వద్దు.

ఇక అసలు పాఠం. 1:48 రకానికి 6 వోల్టుల దగ్గర సాధారణంగా ఇచ్చే అంకెలు ఇవి: ఖాళీగా తిరిగేటప్పుడు దాదాపు 160 మిల్లీఆంపియర్లు, చక్రం నిమిషానికి 250 చుట్లు, చక్రాన్ని గట్టిగా పట్టి ఆపేస్తే దాదాపు 1.5 ఆంపియర్. అదే తీగ, అదే 6 వోల్టులు, కానీ కరెంటులో తొమ్మిది రెట్లకు పైగా తేడా. ఓమ్ నియమం ఒక్కటే తెలిసినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఆపినప్పుడు లెక్క సూటిగా కుదురుతుంది: 6 బై 1.5, నిరోధం 4 ఓమ్‌లు. తిరిగేటప్పుడు అదే 4 ఓమ్‌ల మీద 0.16 ఆంపియర్ వెళ్తే పడే వోల్టేజ్ 0.64 మాత్రమే. మరి మిగతా 5.36 వోల్టులు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, మోటారే ఎదురు పుట్టించింది. అయస్కాంతాల మధ్య తిరిగే చుట్ట గుండా అభివాహం, అంటే దాని గుండా వెళ్లే అయస్కాంత బలరేఖల లెక్క, మారుతూనే ఉంటుంది. మారే అభివాహం వోల్టేజ్‌ను పుట్టిస్తుందన్నది ఫారడే 1831లో చూపించిన విషయం. ఆ వోల్టేజ్ తన్ను పుట్టించిన కారణాన్ని అడ్డుకునే దిశలోనే ఉంటుందన్నది లెంజ్ 1834లో చెప్పిన నియమం. మీ బ్యాటరీ మోటారును తిప్పుతోంది, తిరుగుతున్న మోటారు బ్యాటరీకి ఎదురు నిలబడుతోంది. మోటారు గుండా వెళ్లేది ఈ రెంటి తేడా తోసినంత కరెంటే.

వేడి సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. తిరిగేటప్పుడు చుట్టలో వేడిగా మారేది 0.16 వర్గం ఇంటూ 4, అంటే పదో వంతు వాట్. ఆపినప్పుడు 1.5 వర్గం ఇంటూ 4, అంటే 9 వాట్లు. దాదాపు 88 రెట్లు. బండి గోడకు ఆనుకుని చక్రాలు ఇరుక్కున్నా ప్రోగ్రామ్ కరెంటు ఇస్తూనే ఉంటే మోటారు ఎందుకు కాలి వాసన వస్తుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. పొలంలో బోరు మోటారు ఇసుకకు ఇరుక్కుంటే కాలిపోయేదీ ఇలాంటి కారణంతోనే. అది ఇండక్షన్ మోటారు కాబట్టి లోపలి లెక్క వేరు, కానీ తిరగని మోటారు కరెంటును మింగుతుందన్న మాట రెంటికీ ఒకటే.

ఈ కొలతలు మీరే తీసుకోవాలంటే కొన్ని జాగ్రత్తలు. కరెంటు కొలవడానికి మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టండి. ఖాళీగా 160 మిల్లీఆంపియర్లే కదా అని 200 మిల్లీఆంపియర్ల రేంజ్‌లో పెడితే, మోటారు బయలుదేరే క్షణంలో వచ్చే 1.5 ఆంపియర్‌కు మీటరు ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. కొలత అయ్యాక ప్రోబ్‌ను వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరవద్దు. మరిచి బ్యాటరీ వోల్టేజ్ కొలవబోతే నేరుగా షార్ట్ పెట్టినట్టే, చవక మీటర్లలో ఆ 10 ఆంపియర్ల దారికి ఫ్యూజ్ కూడా ఉండదు. వోల్టేజ్‌ను బ్యాటరీ దగ్గర కాక, మోటారు వెనక తీగలు కలిపే రెండు రాగి రేకుల దగ్గరే కొలవాలి. సన్నటి జంపర్ వైర్లలోనే అర వోల్టు పోవడం మామూలే. చక్రాన్ని ఆపి కొలిచేటప్పుడు రెండు సెకన్లు మించకుండా వదిలేయండి. చుట్ట వేడెక్కితే రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 60 డిగ్రీలు వేడెక్కిందంటే 4 ఓమ్‌లు 5కు దగ్గరపడి మీ లెక్క తప్పుతుంది.

బ్యాటరీగా ఎమర్జెన్సీ లైట్లలో ఉండే 6 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ మంచిది. కరెంటు లాగినా వోల్టేజ్ పడిపోదు. అందుకే దాని ప్లస్ తీగలో 2 ఆంపియర్ల ఫ్యూజ్ ఒకటి వరసలో పెట్టండి, పొరపాటున షార్ట్ అయితే తీగలు ఎర్రబడకుండా కాపాడుతుంది.

ఇంకో చిన్న కొలత. మోటారును గేర్ డబ్బా నుంచి విడదీసి, ఒంటరిగా 6 వోల్టుల మీద తిప్పి కరెంటు చూడండి, తగ్గుతుంది. తగ్గినంత మేరా పళ్ల రాపిడికి పోతున్న ఖర్చు. నాలుగు మోటార్లు కొంటే నాలుగింటికీ ఇది చెయ్యొచ్చు. డబ్బాతో ఉన్నప్పుడు ఒకదాని కరెంటు మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఉంటే దాని గేర్లు సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఆ మోటారున్న వైపుకే బండి ఎప్పుడూ లాగుతూ ఉంటుంది.

ఇప్పుడు దీన్ని తిరగేద్దాం. బ్యాటరీ పీకేసి, మోటారు రేకులకు మీటరు పెట్టి, 20 వోల్టుల డీసీ రేంజ్‌లో చక్రాన్ని చేత్తో తిప్పండి. పై అంకెల ప్రకారం 250 చుట్లకు 5.36 వోల్టులు, అంటే చక్రం నిమిషానికి ఒక చుట్టు తిరిగే వేగానికి 21.4 మిల్లీవోల్టులు. సెకనుకు ఒక చుట్టు చొప్పున నిలకడగా తిప్పితే, అంటే నిమిషానికి 60 చుట్లయితే, దాదాపు 1.3 వోల్టులు రావాలి. గడియారం చూసుకుంటూ తిప్పితే మీటరు ఆ చుట్టుపక్కలే ఆడుతుంది. మోటారుగా తిరిగినప్పుడు లెక్కతో తేల్చిన బ్యాక్ ఈఎంఎఫ్‌నే ఇక్కడ జనరేటరుగా నేరుగా చూస్తున్నారు. పుస్తకంలో రెండు అధ్యాయాలుగా విడిపోయిన మోటారు, జనరేటరు ఒకే డబ్బాలో ఉన్నాయని తేలేది ఈ అంకె దగ్గరే.

పిల్లలకు చూపించాలంటే మీటరు కంటే ఎల్ఈడీ మేలు. ఎర్రదీ పచ్చదీ రెండు ఎల్ఈడీలను ఒకదానికొకటి ఎదురు దిశలో, అంటే దీని పొడవు కాలు దాని పొట్టి కాలుతో కలిసేలా జతచేసి, వరసలో 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి మోటారుకు కలపండి. ముందుకు తిప్పితే ఒక రంగు, వెనక్కి తిప్పితే ఇంకో రంగు. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 1.8 వోల్టులు కావాలి కాబట్టి సెకనుకు ఒక చుట్టుకు వెలగదు, ఒకటిన్నర చుట్లకు మినుకుమంటుంది. ప్రేరిత వోల్టేజ్ దిశ చలనం దిశను బట్టి, పరిమాణం వేగాన్ని బట్టి ఉంటాయన్న రెండు ముక్కలూ బోర్డు మీద గీత గీయకుండానే అర్థమవుతాయి. పందెం వేసినట్టు విసురుగా తిప్పకండి, లోపలి ప్లాస్టిక్ పళ్లు అరుగుతాయి.

లెంజ్ నియమానికైతే ఇంకా తేలిక, ఖర్చు సున్నా. రెండు రేకులనూ విడిగా వదిలి చక్రం తిప్పండి, వేలితో తిరుగుతుంది. ఇప్పుడు రేకులను ఒక తీగముక్కతో షార్ట్ చేసి మళ్లీ తిప్పండి. చక్రం బెల్లం పాకంలో తిరుగుతున్నట్టు బరువెక్కుతుంది. వేగంగా తిప్పబోతే ఇంకా ఎదురు తిరుగుతుంది, మెల్లగా తిప్పితే వదులుతుంది. అదే దీన్ని మామూలు రాపిడి నుంచి వేరుచేసే గుర్తు. 48 రెట్ల గేర్ ఉండటం వల్ల ఈ బరువు వేలికి స్పష్టంగా తెలుస్తుంది. గేర్ లేని ఉత్త బొమ్మ మోటారుతో ఇంత బాగా తెలియదు. ఈ ఒక్క ప్రయోగం కోసమైనా ఈ సరుకు కొనదగినదే. రెండు మోటార్లుంటే ఒకదాని రేకులు రెండోదానికి కలిపి, ఒక చక్రం తిప్పితే రెండోది తిరుగుతుంది. 1873లో వియన్నా ప్రదర్శనలో గ్రామ్ డైనమోలతో జనానికి చూపించిన వింత ఇదే.

ఇక్కడ ఒక మాట తికమకను విప్పాలి. దుకాణంలో 1ఎన్4007 డయోడ్ ఇస్తూ ‘బ్యాక్ ఈఎంఎఫ్ రాకుండా పెట్టుకోండి’ అంటారు. ప్రాజెక్ట్ రిపోర్టుల్లోనూ అదే రాస్తారు. పైన కొలిచిన బ్యాక్ ఈఎంఎఫ్, ఈ డయోడ్ ఆపేది రెండూ ఒకటి కావు. మొదటిది తిరగడం వల్ల పుడుతుంది, సరఫరా వోల్టేజ్ కంటే తక్కువే ఉంటుంది, మోటారును కాపాడుతుంది. దాన్ని ఆపకూడదు, ఆపలేం కూడా. రెండోది స్వయం ప్రేరణ వల్ల వచ్చే తన్ను. చుట్టలో పారుతున్న కరెంటును స్విచ్ ఒక్కసారిగా తెంపితే, కరెంటు మారే రేటు విపరీతమై, దానికి తగ్గట్టు వోల్టేజ్ వందల్లోకి ఎగబాకుతుంది. దీనికి మోటారు తిరగాల్సిన అవసరమే లేదు. తిరగని రిలే (విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్) చుట్టలోనూ వస్తుంది. పాత ట్యూబ్‌లైట్ వెలిగేది దీనివల్లే: స్టార్టర్ లోపలి పట్టీ విడిపోగానే చోక్ ఇచ్చే తన్నుకు ట్యూబ్‌లోని వాయువు గుండా కరెంటు పారడం మొదలవుతుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే ‘డయోడ్ పెట్టాను, అయినా మోటారు ఆగినప్పుడు కరెంటు ఎందుకు పెరిగింది’ లాంటి ప్రశ్నలు వస్తాయి.

తన్నును ఆపే డయోడ్ ఎలా పెట్టాలి? మోటారుకు సమాంతరంగా, గీత ఉన్న వైపు ప్లస్‌కు. తిప్పి పెడితే స్విచ్ వేసిన క్షణంలో డయోడ్ షార్ట్ అయి, బ్యాటరీ వేడెక్కి, ఏదో ఒకటి పోతుంది. 5 వోల్టుల నీలం రిలేను బీసీ547 ట్రాన్సిస్టర్‌తో నడిపేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ రిలే చుట్ట దాదాపు 70 ఓమ్‌లు, 70 మిల్లీఆంపియర్లు. ట్రాన్సిస్టర్ తట్టుకునేది 45 వోల్టులు. డయోడ్ లేకపోతే తెంపిన ప్రతిసారీ కలెక్టర్ మీద అంతకు మించి పడుతుంది. మొదటి రోజే పోదు, నాలుగు రోజులు పనిచేసి ప్రదర్శన నాడు పోతుంది. డయోడ్ ఉంటే అదే కలెక్టర్ 5.7 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. ఒకే దిశలో తిరిగే మోటారుకు ఆర్డ్యునో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) మామూలు పీడబ్ల్యూఎం (మోటారు వేగం మార్చడానికి కరెంటును చకచకా వేసి తీసే పద్ధతి) వేగం, అంటే 490 హెర్ట్జ్ వాడితే 1ఎన్4007 సరిపోతుంది. పీడబ్ల్యూఎం వేగాన్ని 20 కిలోహెర్ట్జ్‌కు పెంచితే అది అంత చురుగ్గా ఆరదు; 1ఎన్5822 లాంటి షాట్కీ డయోడ్ పెట్టండి, 40 వోల్టులు, 3 ఆంపియర్లు తట్టుకుంటుంది. 1ఎన్5819 ఒక ఆంపియర్‌దే, మోటారు ఇరుక్కున్నప్పుడు దానికి బరువు ఎక్కువ.

మోటారుతో పాటు అమ్మే డ్రైవర్ బోర్డుల దగ్గర అసలు నిరాశ. ఎర్ర ఎల్298ఎన్ బోర్డు అందరి దగ్గరా ఉంటుంది. చిప్ లోపల రక్షణ డయోడ్లు లేవు కాబట్టి బోర్డు మీద ఎనిమిది నల్ల ఎం7 డయోడ్లు విడిగా అతికించి ఉంటాయి. అవి 1ఎన్4007 చిన్న రూపమే. తన్ను నుంచి రక్షణ వరకు బాగానే ఉంది. కానీ ఆ చిప్ లోపలి ట్రాన్సిస్టర్లే ఒక ఆంపియర్ దగ్గర 1.8 నుంచి 3.2 వోల్టుల దాకా మింగేస్తాయి. 6 వోల్టులు ఇస్తే మోటారుకు దక్కేది నాలుగు, ఒక్కోసారి మూడు. బ్యాక్ ఈఎంఎఫ్ కొలుద్దామని దీని మీద లెక్క వేస్తే ఎప్పుడూ తేడా వస్తుంది, తప్పు ఎక్కడుందో విద్యార్థికి అర్థం కాదు. చేతికందిన ఎల్298ఎన్ వాడాల్సి వస్తే సరఫరా 7.4 వోల్టులకు పెంచి, కొలతలన్నీ మోటారు రేకుల దగ్గరే తీసుకోండి.

ఎల్293డి ఇంకో పాత చుట్టం. చివర డి ఉంటే డయోడ్లు లోపలే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అడిగి తీసుకోండి, ఒక్కోసారి ఉత్త ఎల్293 చేతిలో పెడతారు. ఎల్293డి నిలకడగా ఇచ్చేది ఒక్కో దారికి 600 మిల్లీఆంపియర్లు, క్షణకాలం 1.2 ఆంపియర్లు. మన మోటారు ఇరుక్కుంటే 1.5. నాలుగు చక్రాల బండిలో ఒక వైపు రెండు మోటార్లను ఒకే దారికి కలిపితే 3. ఇది సరిపోదని వేరే చెప్పక్కర్లేదు. మాస్‌ఫెట్‌లతో (వోల్టేజ్ చాలా తక్కువ మింగే రకం ట్రాన్సిస్టర్లతో) చేసిన టీబీ6612ఎఫ్ఎన్జీ గానీ, డీఆర్‌వీ8833 గానీ తీసుకుంటే వోల్టేజ్ దాదాపుగా మోటారుకే అందుతుంది. రెండోది 10.8 వోల్టులు దాటకూడదు, అది గుర్తుంచుకుంటే చాలు.

డ్రైవర్‌తో చూపించదగ్గ మంచి తమాషా ఒకటుంది. ఎల్298ఎన్‌లో ఎనేబుల్ కాలు ఆపేస్తే మోటారు తనంతట తాను తిరిగి తిరిగి ఆగుతుంది. ఎనేబుల్ ఉంచి, రెండు ఇన్‌పుట్ కాళ్లకూ ఒకే స్థాయి ఇస్తే మోటారు రేకులు డ్రైవర్ లోపల షార్ట్ అయినట్టై చటుక్కున ఆగుతుంది. ఇందాక తీగముక్కతో చేసిన లెంజ్ బ్రేకే ఇది. పంచదార డబ్బా మూతో, పాత సీడీయో చక్రానికి అతికించి కాస్త బరువు పెంచితే తేడా దూరం నుంచి కూడా కనబడుతుంది.

బండ్లలో తరచూ వచ్చే మూడు జబ్బులకూ మూలం బ్యాక్ ఈఎంఎఫ్ లేకపోవడమో, అది బ్యాటరీ వైపు చేరడమో. మోటారు కదలగానే ఆర్డ్యునో రీసెట్ అవుతుంది: ఆగి ఉన్న మోటారుకు ఎదురు వోల్టేజ్ సున్నా, కాబట్టి బయలుదేరే క్షణంలో ఒక్కోటి 1.5 ఆంపియర్ లాగుతుంది, నాలుగు కలిస్తే 6. 9 వోల్టుల చదరపు బ్యాటరీ అంత ఇవ్వలేదు, దాని వోల్టేజ్ కూలిపోతుంది, దాంతో పాటే బోర్డూ. ఆ బ్యాటరీ స్మోక్ అలారాలకు, మల్టీమీటర్లకు పుట్టింది, మోటార్లకు కాదు. రెండు 18650 లిథియం సెల్స్ వరసలో పెట్టండి, డ్రైవర్ సరఫరా కాళ్ల దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి, ప్రతి మోటారు రేకుల మీద 104 సిరామిక్ కెపాసిటర్ ఒకటి. ప్రోగ్రామ్‌లో పీడబ్ల్యూఎంను ఒకేసారి పూర్తి స్థాయి 255 ఇవ్వకుండా 80 నుంచి మొదలుపెట్టి 200 మిల్లీసెకన్లలో పైకి తీసుకెళ్లండి. ఈఈఈ ల్యాబ్‌లో డీసీ షంట్ మోటారుకు త్రీ పాయింట్ స్టార్టర్ ఎందుకు పెడతారో ఇదే చెబుతుంది. ఒక ఓమ్ ఆర్మేచర్‌కు నేరుగా 220 వోల్టులిస్తే తొలి క్షణంలో 220 ఆంపియర్లు కదా.

రెండో జబ్బు, తిరుగుతున్న మోటారును ఆపకుండా వెనక్కి తిప్పడం. అప్పుడు ఎదురు నిలవాల్సిన 5.36 వోల్టులు బ్యాటరీతో చేతులు కలుపుతాయి: 11.36 బై 4, అంటే 2.8 ఆంపియర్లు. ఇరుక్కున్నప్పటి కంటే దాదాపు రెండింతలు. డ్రైవర్ చిప్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంటే ప్రోగ్రామ్‌లో ముందుకు, వెనక్కి మధ్య 100 మిల్లీసెకన్ల విరామం ఉందో లేదో చూడండి. మూడోది ఇరుక్కోవడం, దాని వేడి లెక్క పైన చెప్పిందే.

ఈ మూడో జబ్బుకు మందు కూడా బ్యాక్ ఈఎంఎఫ్‌లోనే ఉంది, విడిగా ఎన్‌కోడర్ (చుట్లు లెక్కపెట్టే పరికరం) కొనక్కర్లేదు. మోటారు ప్లస్‌ను నేరుగా 6 వోల్టులకు, రెండో కొసను ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ డ్రెయిన్‌కు, దాని సోర్స్‌ను గ్రౌండ్‌కు కలపండి. గేట్‌కు ఆర్డ్యునో కాలు నుంచి 220 ఓమ్‌లు, గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు. మోటారు మీద డయోడ్ మామూలే. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్, ఐఆర్ఎఫ్540 ‘రెండూ ఒకటే’ అని ఇస్తారు, తీసుకోవద్దు. వాటి గేట్‌కు 10 వోల్టులు కావాలి, 5 వోల్టులకు సగం తెరుచుకుని వేడెక్కుతాయి. డ్రెయిన్ నుంచి రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్ల డివైడర్ (వోల్టేజ్‌ను సగం చేసే జత) ద్వారా అనలాగ్ కాలుకు తీగ లాగండి. బ్యాటరీ గ్రౌండ్, ఆర్డ్యునో గ్రౌండ్ కలపకపోతే ఇదంతా వృథా. పదిలో తొమ్మిది సార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మోటారు నడుస్తుండగా ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి గేట్‌ను 3 మిల్లీసెకన్లు ఆపండి. మొదటి 2 మిల్లీసెకన్లు చదవొద్దు, అప్పుడు తన్ను డయోడ్ గుండా ఆరుతూ డ్రెయిన్ 6.7 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆరాక చదవండి. మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంటే డ్రెయిన్ దగ్గర 6 మైనస్ 5.36, అంటే 0.64 వోల్టులు కనిపిస్తాయి. ఇరుక్కుని ఉంటే పూర్తి 6. సరఫరా నుంచి చదివినది తీసేస్తే మిగిలేదే బ్యాక్ ఈఎంఎఫ్, దాన్ని 21.4 మిల్లీవోల్టులతో భాగిస్తే చక్రం ఆర్‌పీఎం. ఆర్డ్యునో ఒక మెట్టు 4.9 మిల్లీవోల్టులు, డివైడర్ వల్ల 9.8, అంటే అర ఆర్‌పీఎం దాకా తేడా పట్టుకోగలదు. బ్రష్‌ల అలజడి ఉంటుంది కాబట్టి ఎనిమిది రీడింగుల సగటు తీసుకోండి. బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది కాబట్టి దాని వోల్టేజ్‌నూ ఇంకో డివైడర్‌తో చదవండి. పీడబ్ల్యూఎం ఇస్తున్నా బ్యాక్ ఈఎంఎఫ్ 300 మిల్లీసెకన్ల పాటు సున్నా దగ్గరే ఉంటే మోటారు ఆపెయ్యమని రాయండి. ఖరీదైన బండ్లలో ఉండే జామ్ రక్షణ ఇంతే.

21.4 అన్న అంకెను కళ్లు మూసుకుని వాడొద్దు. అయస్కాంతం బలంలో ముక్కకు ముక్కకు తేడా ఉంటుంది. చక్రానికి ఒక చుక్క పెట్టి, పది చుట్లకు ఎంత సమయం పట్టిందో ఫోన్ వీడియోలో చూసి, మీ మోటారు అంకె మీరే తేల్చుకోండి.

ఇక తయారీ లోపాలు. అన్నిటికంటే బాధపెట్టేది ఆ రెండు రాగి రేకులు. తీగ సోల్డర్ చేసి రెండుసార్లు అటూ ఇటూ వంచితే మొదలంటా విరిగిపోతాయి. రేకు మీద ముందే కొద్దిగా సోల్డర్ పట్టించి, ఇస్త్రీపెట్టెలా నొక్కి పెట్టకుండా రెండు మూడు సెకన్లలో సోల్డర్ చేసెయ్యండి, లేకపోతే వెనక ప్లాస్టిక్ మూత కరిగి బ్రష్ వంకర పోతుంది. తర్వాత తీగను హాట్ గ్లూతో గేర్ డబ్బా మీద అతికిస్తే లాగుడు రేకు మీద పడదు. పారదర్శక పట్టీ కొన్నాళ్లకు వదులై మోటారు వెనక్కి జారి, పళ్లు కలవక కటకటమంటుంది. ఒక కేబుల్ టై బిగిస్తే సరిపోతుంది. 3 నుంచి 12 వోల్టులు అని రాసి అమ్ముతారు గానీ, 12 ఇచ్చి ఇరుక్కుంటే 3 ఆంపియర్లు, 36 వాట్లు. ఆ పల్చటి బ్రష్ రేకులకు అది చావుదెబ్బ. మోటారు రేకుల దగ్గర 6 దాటనివ్వకండి.

ప్రయోగాల కోసమైతే రెండు కొనండి, ఒకటి విప్పి చూడటానికి. కచ్చితంగా సూటిగా నడిచే బండి కావాలన్నా, బరువు మోయాలన్నా ఇది వద్దు, లోహపు గేర్లున్న ఎన్20 మోటారు చూసుకోండి. దాన్ని మాత్రం షాఫ్ట్ పట్టి చేత్తో తిప్పి ఎల్ఈడీ వెలిగించబోవద్దు. ఎక్కువ గేర్ నిష్పత్తి ఉన్న రకాల్లో పళ్లు విరుగుతాయి.